ఒకటో నంబరు జెర్సీ

ఇర్మా చేతి మీదుగా జెర్సీ అందుకోకుండా వెల్లరోడా ఫుట్‌బాల్ జట్టులో ఎవడూ మైదానంలో కాలు పెట్టలేదు. ఆ జట్టు బొగ్గు ఇటుకల ఫ్యాక్టరీది. ఇర్మా ఫ్యాక్టరీ లాండ్రీలో పనిచేసేది. జట్టు బట్టలు ఉతకడం, కుట్టడం, ప్రయాణానికి సంచులు సర్దడం కూడా ఆమెకే అంటగట్టారు. ఆటకు అరగంట ముందు ఆమె బుట్ట పట్టుకొని ఆటగాళ్ల గదిలోకి వచ్చి, ఒకటో నంబరుతో మొదలుపెట్టి ఒక్కొక్కణ్ణీ పేరుపెట్టి పిలిచేది. పిలిచినవాడు లేచొచ్చి రెండు చేతులా పుచ్చుకోవాలి. ఆట అయ్యాక మళ్లీ ఆమె చేతికే ఇవ్వాలి, అదీ తిరగేసి కాకుండా. తిరగేసి ఇచ్చినవాడికి చీవాట్లు తప్పేవి కావు. ముప్ఫై ఏళ్లలో ఏడుగురు కోచ్‌లు మారారు, ఇప్పుడు దేశమే మారిపోబోతోంది, ఈ పద్ధతి మాత్రం మారలేదు.

అది 1990 అక్టోబరు ఒకటి, సోమవారం. రెండు జర్మనీలు ఒకటి కావడానికి ఇంకా రెండు రోజులుంది. ఫోల్క్‌మార్ ఇర్మా వంటింట్లో కూర్చొని కాఫీ తాగుతున్నాడు. ఒకప్పుడు తొమ్మిదో నంబరు జెర్సీ వేసుకొని గోల్ మీద గోల్ కొట్టినవాడు. ఇప్పుడు నలభై ఏళ్లు, బొగ్గు గనిలో పార పని, అది కూడా క్రిస్మస్ దాకానో కాదో తెలియదు. ఫ్యాక్టరీ పొగగొట్టాలు నాలుగింట్లో మూడు ఇప్పటికే చల్లబడ్డాయి. పోయిన నెల నుంచి ఇర్మా తన కిటికీ తెరలను తెల్లగానే ఉంచగలుగుతోంది, దానికి సంతోషించాలో ఏడవాలో ఊళ్లో ఎవరికీ తెలియడం లేదు.

ఫోల్క్‌మార్ బుధవారం నాటి ఆట గురించి వచ్చాడు. దేశాలు కలిసే రోజున పశ్చిమ జర్మనీలోని రూర్ నుంచి గని కార్మికుల జట్టు వస్తోంది. తొమ్మిదేళ్ల క్రితం వీళ్లు అక్కడికి వెళ్లి స్నేహపూర్వకంగా ఆడి నాలుగు గోల్స్ తేడాతో ఓడి వచ్చారు. ఇప్పుడు ఆనాటి వాళ్లే, పొట్టలు పెరిగినవాళ్లు, జుట్టు రాలినవాళ్లు, మళ్లీ ఆడాలని ఉత్తరం రాశారు. మీ గోల్‌కీపర్ హెన్నింగ్‌ను తప్పకుండా ఆడించండి, ఆయన మాకు నాలుగు గోల్స్ బహూకరించాడు అని వేళాకోళం కూడా చేశారు.

“వాణ్ణి రానివ్వు అత్తా,” అన్నాడు ఫోల్క్‌మార్. జట్టులో అందరూ ఇర్మాను అత్తా అనే పిలుస్తారు. “బూట్లు కట్టుకొని కూర్చోనివ్వు. నువ్వు మాత్రం రెండో నంబరుతో మొదలుపెట్టు.”

“మరి గోల్‌లో ఎవరుంటార్రా?”

“చీపురుకట్టనైనా నిలబెడతాను. వాడికంటే నయం.”

ఇర్మా అతని కప్పు తీసి కడగడం మొదలుపెట్టింది. అప్పటికే అది ఖాళీ అయి పావుగంటైంది. ఆమె అవునని అనలేదు, కాదనీ అనలేదు. అనకపోవడం ఆమెకు బాగా అలవాటైపోయింది. ఫోల్క్‌మార్ దాన్ని ఒప్పుకోలు కింద తీసుకొని, పొయ్యి గొట్టం ఒకసారి తట్టి చూసి, చలికాలం లోపు మారుస్తానని చెప్పి వెళ్లిపోయాడు.

హెన్నింగ్ చేసిన పాపం ఏమిటో ఊళ్లో అందరికీ తెలుసు. తెలుసని అనుకుంటున్నారు. అసలు సంగతి తెలిసినవాళ్లు ఇద్దరే. ఒకడు జట్టు వ్యవహారాలు చూసే ప్రీబే అనే అధికారి. పోయిన నవంబరులో బెర్లిన్ గోడ పడిన వారానికే అతను ఊరొదిలి ఎటో పోయాడు. రెండోది ఇర్మా.

1981లో ఆ ప్రయాణం ఖాయమైనప్పుడు ఫోల్క్‌మార్ ఆరితేరిన ఫిట్టర్. పెళ్లాం గెర్లిండె బడిలో టీచరు. కూతురు ఆంత్యా ఆ సెప్టెంబరులోనే బళ్లో చేరింది. అక్కడికెళ్లాక తిరిగి రాకూడదని, పని దొరికాక ఎలాగోలా పెళ్లాం బిడ్డల్ని రప్పించుకోవాలని అతను నిశ్చయించుకున్నాడు. ఆ మాట ఒక్క హెన్నింగ్‌కే చెప్పాడు, చేపలు పడుతూ. ఇద్దరూ ఒకే వీధిలో పెరిగారు, ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఇర్మా బల్ల దగ్గరే పక్కపక్కన కూర్చొని తినేవాళ్లు. ఇర్మా మొగుడు గనిలో పోయాడు, పిల్లల్లేరు. ఆ ఇద్దరూ బంగాళదుంప ఉండలు పోటీపడి లాగిస్తుంటే ఆమెకు కడుపు నిండేది.

బయల్దేరే ముందు రోజు సంచులు సర్దుతూ ఉంటే ఫోల్క్‌మార్ సంచి అస్తరు ఒక పక్క చిరిగి కనబడింది. కుట్టబోతే లోపల కవరు తగిలింది. అందులో అతని ఫిట్టర్ సర్టిఫికెట్, ఒక ఫొటో ఉన్నాయి. ఇర్మాకు భయమేసింది. పారిపోతున్నాడని కాదు, ఆ ఊహే రాలేదు. ఫ్యాక్టరీ ఆఫీసుకు ఎప్పుడో తీసుకెళ్లినది చిరుగులోంచి జారిపోయి ఉంటుంది, వీడికి ఒళ్లు తెలిసి ఏడిస్తేగా అనుకుంది. సరిహద్దు దాటేటప్పుడు సంచులు బోర్లించి వెతుకుతారు. సర్టిఫికెట్ దొరికితే పారిపోయేవాడి కిందే జమకడతారు. వెంటనే అతనికే ఇచ్చేద్దామంటే షిఫ్టులో ఉన్నాడు. అందుకని కవరు తీసుకెళ్లి ప్రీబే చేతిలో పెట్టి, పిల్లవాడు పరాకుగా మర్చిపోయాడు, తిరిగొచ్చేదాకా మీ సొరుగులో ఉంచండి అని చెప్పింది. ప్రీబే నవ్వాడు. మంచిపని చేశారన్నాడు. సర్టిఫికెట్ ఉంచుకొని, ఇది అక్కర్లేదంటూ ఫొటో తిరిగి ఇచ్చేశాడు. ఇర్మా మనసు తేలికపడి ఇంటికి వెళ్లింది. ఈ దేశంలో ముప్ఫై ఏళ్లు బతికిన మనిషి అంత అమాయకంగా ఉండవచ్చునా అని మీరు అడగవచ్చు. ఈ దేశంలో బతికినవాళ్లే అలాంటి పొరపాటు చేయగలరు. ఏ కాగితం చూసినా ముందు భయం పుట్టేది, ఆ భయానికి మందు అధికారి సొరుగే అనిపించేది.

మర్నాడు పొద్దున రహస్య పోలీసులు, పొడుగు కోట్లవాళ్లిద్దరు బస్సెక్కి ఫోల్క్‌మార్‌ను దింపారు. బస్సు అతను లేకుండానే వెళ్లిపోయింది. హెన్నింగ్ కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు. ఆ తర్వాత ఫోల్క్‌మార్‌ను ఆటలోంచి శాశ్వతంగా తీసేశారు, ఫిట్టర్ పని పీకేసి గనిలో పార ఇచ్చారు. గెర్లిండెను బళ్లో పిలిచి, ఉద్యోగమా మొగుడా తేల్చుకోమన్నారు. రెండేళ్లు ఆమె తేల్చుకోలేక, చివరికి విడాకులు తీసుకొని ఆంత్యాతో రోస్టాక్ నగరానికి వెళ్లిపోయింది. పొడుగు కోట్లవాళ్లు సర్టిఫికెట్ బల్ల మీద పెట్టి ప్రశ్నలడిగారు గాని అది ఎలా దొరికిందో చెప్పలేదు. ఫోల్క్‌మార్ లెక్క సులువుగా తేలిపోయింది. చెప్పింది ఒక్కడికే, కాబట్టి చెప్పేసిందీ ఆ ఒక్కడే. హెన్నింగ్ ఒకసారి ఇంటికొచ్చి, నేను నోరు విప్పలేదురా అన్నాడు. ఫోల్క్‌మార్ తలుపు వేసేశాడు.

అప్పుడే ఇర్మా నోరు విప్పాల్సింది. ప్రీబేకి భయపడి ఆగింది. తర్వాత, ఆగినందుకు సిగ్గుపడి ఆగింది. ఆ పైన ఫోల్క్‌మార్‌కు ఆదివారం భోజనానికి ఆమె ఇల్లు తప్ప గతి లేకపోయింది. హెన్నింగ్ ఎదురైతే ఈ గడప తొక్కనన్నాడతను. ఒక ఆదివారం ఇర్మా మెట్ల మీదే హెన్నింగ్‌ను ఆపి, ఈ వారం వద్దులేరా అంది. అతను తలూపి దిగిపోయాడు. మరి రాలేదు. రెండో కుర్చీని ఆమె అటక మీదికి చేర్చింది.

గోడ పడ్డాక ఊరికి ధైర్యం వచ్చింది. నలభై ఏళ్లు నోరు కట్టుకున్నవాళ్లంతా ఒక్కసారి వేళ్లు ఎత్తి చూపడం మొదలుపెట్టారు. ఇర్మా వంటింటి కిటికీలోంచి చూస్తే కింద హెన్నింగ్ కారు షెడ్డు తలుపు కనబడుతుంది. దాని మీద ఎవరో ఎర్ర రంగుతో ‘గూఢచారి’ అని మూరెడు అక్షరాలు రాశారు. ఫిబ్రవరి నుంచి ఆ మాట అలాగే ఉంది. హెన్నింగ్ రోజూ ఆ తలుపు తెరిచి కారు తీసేవాడు, పెట్టి మూసేవాడు. తుడవడానికి ఒక్కనాడూ ప్రయత్నించలేదు. జూలైలో ఇటలీలో పశ్చిమ జర్మనీ ప్రపంచ కప్పు గెలిచిన సాయంత్రం, అది మన జట్టో వాళ్ల జట్టో తేల్చుకోకుండానే ఊరంతా క్లబ్బులో కౌగిలించుకుంది. హెన్నింగ్ గుమ్మం దాకా వచ్చి, బల్లల దగ్గర ఎవరూ జరగకపోవడం చూసి వెళ్లిపోయాడు. ఇర్మా పక్కన ఒక కుర్చీ ఖాళీగా ఉంది. అతను గుమ్మంలో ఉండగానే ఆమె తన సంచి తీసి దాని మీద పెట్టింది. ఆ సంచి సంగతి తలుచుకుంటే ఆమెకు ఇప్పటికీ చెవులు కాలిపోతాయి.

బుధవారం పొద్దుటి నుంచీ చర్చి గంటలు మోగాయి. మేయరు మాట్లాడాడు, కొత్త జెండా ఎక్కింది. మధ్యాహ్నం మూడింటికి ఆట. ఇర్మా 1981 నాటి ఆకుపచ్చ జెర్సీలే ఉతికి ఇస్త్రీ చేసి తెచ్చింది. అందరికంటే ముందొచ్చి మూలన కూర్చున్నది హెన్నింగే. బూట్ల తాళ్లు కట్టుకొని, విప్పి, మళ్లీ కట్టుకుంటున్నాడు. అతనికి కాస్త దూరంగా బల్ల మీద మిగిలినవాళ్లు ఒకరినొకరు ఒరుసుకొని ఇరుక్కున్నారు. పక్క గదిలో రూర్ వాళ్లు పాటలు పాడుతున్నారు.

ఇర్మా బుట్ట కింద పెట్టింది. ఫోల్క్‌మార్ ఆమెకేసి చూసి తలూపాడు. ఈ గది దాటితే ఇక ఆదివారం అతను తన బల్ల దగ్గర కూర్చోడని ఆమెకు తెలుసు. పై జెర్సీ తీసింది.

“ఒకటి. హెన్నింగ్.”

ఎవరూ కదల్లేదు. హెన్నింగ్ కూడా లేవలేదు, ఆ పేరు తనదో కాదో నమ్మలేనట్టు.

“రెండుతో మొదలుపెట్టమన్నానుగా అత్తా,” అన్నాడు ఫోల్క్‌మార్ నెమ్మదిగానే.

“పెట్టనురా. నీ సంగతి వాడు చెప్పలేదు. నీ కవరు ప్రీబేకిచ్చింది నేను.”

తర్వాత ఆమె అస్తరు చిరగడం, కుట్టబోవడం, భయపడటం, సొరుగు, అన్నీ వరసగా చెప్పేసింది. తొమ్మిదేళ్లు దాచిన సంగతి చెప్పడానికి రెండు నిమిషాలు పట్టలేదు. చెప్పడం అయ్యాక గౌను జేబులోంచి ఫొటో తీసి పట్టుకుంది. బొత్తాల డబ్బాలో అడుగున దాచింది ఇన్నాళ్లూ. గెర్లిండె, పక్కన ఆంత్యా, మొదటిరోజు బడికి తీసుకెళ్లే మిఠాయిల పొట్లాన్ని రెండు చేతులా వాటేసుకొని. పొట్లం పిల్లంత ఉంది. ఆ పిల్లకిప్పుడు పదిహేనేళ్లు.

ఫోల్క్‌మార్ ఫొటో అందుకొని చాలాసేపు చూశాడు.

“ఇప్పుడెందుకు చెప్తున్నావు?” అన్నాడు. “రేపు ఆ పోలీసుల ఫైళ్లు తెరిస్తే నీ పేరు బయటపడుతుందనా?”

“అదీ ఉందేమోరా. అది లేదని ఒట్టు పెట్టలేను.”

“ఆదివారం ఆదివారం నాకు వడ్డిస్తూ, నేను వీణ్ణి తిడుతుంటే వినేదానివి.”

“వినేదాన్ని.”

“ఇంకో ఉండ వేసుకోమనేదానివి.”

రిఫరీ తలుపు కొట్టాడు. ఫోల్క్‌మార్ ఫొటో కోటు జేబులో పెట్టుకొని, వంగి, బుట్టలో చెయ్యి పెట్టి తొమ్మిదో నంబరు తనే తీసుకున్నాడు. ఆమె చేతి మీదుగా కాకుండా ఆ గదిలో ఒకడు జెర్సీ తీసుకోవడం అదే మొదలు. మిగిలినవాళ్లు ఆమె ముఖం చూడలేక వాళ్లూ అలాగే తీసుకున్నారు. హెన్నింగ్ ఒక్కడే ఆఖరున లేచొచ్చి, పద్ధతి ప్రకారం, రెండు చేతులూ చాపి ఒకటో నంబరు పుచ్చుకున్నాడు.

ఆటను ఆమె ఆటగాళ్ల గది కిటికీలోంచే చూసింది. పొట్టలు అదురుతూ పరిగెత్తేవాళ్లు, ఆయాసపడి నడుం పట్టుకొని నిలబడేవాళ్లు, అదొక ఆటా? జనం మాత్రం తెగ నవ్వారు. ఇరవయ్యో నిమిషంలో బంతి హెన్నింగ్ చేతికి చిక్కింది. అతను విసరడానికి మనిషి కోసం చూశాడు. ఫోల్క్‌మార్ మైదానం నడిమిన ఖాళీగా ఉన్నాడు. పాతరోజుల్లో హెన్నింగ్ చూడకుండానే అక్కడికి విసిరేవాడు. ఇప్పుడు బంతిని పొట్టకు అదుముకొని అలాగే నిలబడిపోయాడు, రిఫరీ ఈల నోట్లో పెట్టుకునేదాకా. అప్పుడు ఫోల్క్‌మార్ చెయ్యి ఎత్తాడు. హెన్నింగ్ విసిరాడు. ఫోల్క్‌మార్ ఆ బంతిని అందుకొని తిరిగి నాలుగడుగులు వేసేలోగా పోగొట్టుకున్నాడు. గోలూ కాలేదు, గీలూ కాలేదు. అయినా కిటికీ దగ్గర ఇర్మాకు ఏడుపు ఆగలేదు.

ఆట ముగిశాక జెర్సీలు ఒక్కొక్కటే బుట్టలో పడ్డాయి. ఫోల్క్‌మార్ తనది గోడ మేకుకు తగిలించి, తిరగేసి ఉందో లేదో కూడా చూడకుండా వెళ్లిపోయాడు. అందరూ వెళ్లాక హెన్నింగ్ మిగిలాడు. జెర్సీని సరిచేసి, మడతపెట్టి ఆమె చేతికిచ్చాడు.

“నన్ను తిట్టరా,” అంది ఇర్మా. “కడుపులో పెట్టుకోకు.”

హెన్నింగ్ బల్ల మీద కూర్చొని బూట్లు విప్పడం మొదలుపెట్టాడు.

“నువ్వు కవరు ఇచ్చినందుకు నాకేం కోపం లేదత్తా. నేనైనా అలాగే ఇచ్చేవాణ్ణేమో. కాని అప్పుడే చెప్పి ఉంటే వాడు నిన్ను క్షమించేవాడో లేదో గాని, నాతో మాట్లాడేవాడు. వాడి పెళ్లాం వెళ్లిపోయినప్పుడు నేను పక్కన ఉండేవాణ్ణి.” బూట్లు సంచిలో వేసుకున్నాడు. “ఆ రోజులు ఎవరిస్తారు?”

అతని గొంతులో కోపం లేకపోవడమే ఆమెను కోసేసింది. ఆదివారం భోజనానికి రమ్మంది, వాణ్ణీ పిలుస్తానంది. చూద్దాంలే అని అతను వెళ్లిపోయాడు. ఫోల్క్‌మార్ తలుపు సందులోంచి ఆమె ఒక చీటీ తోసి వచ్చింది.

ఆదివారం అక్టోబరు ఏడు. పోయిన ఏడాది దాకా అది దేశం పుట్టినరోజు, ఊరేగింపులు, జెండాలు, డైరెక్టరు ఉపన్యాసం. ఈసారి ఎవరికీ గుర్తున్నట్టు లేదు. ఇర్మా పొద్దున్నే అటకెక్కి రెండో కుర్చీ దింపి, దుమ్ము తుడిచింది. ముగ్గురికి సరిపడా ఉండలు చుట్టింది, ఎర్ర క్యాబేజీ ఉడికించింది. మూడు కంచాలు పెట్టింది. పన్నెండైంది, పన్నెండున్నరైంది. మెట్ల మీద అడుగుల చప్పుడు కోసం చెవులు రిక్కించింది. కింద ఎక్కడో బరబరమని రుద్దుతున్న చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు.

కిటికీ దగ్గరికి వెళ్లి చూసింది. కారు షెడ్డు ముందు ఇద్దరూ చొక్కాల చేతులు మడుచుకొని, బక్కెట్టు మధ్యన పెట్టుకొని, తలుపు తోముతున్నారు. ఫోల్క్‌మార్ ఒక చివర నుంచి, హెన్నింగ్ రెండో చివర నుంచి. మాట్లాడుకుంటున్నారో లేదో ఇంత పైనుంచి తెలియడం లేదు. సబ్బునీళ్లతో రుద్దుతున్నారు. ఆ రంగు సబ్బుకు పోదు. ముప్ఫై ఏళ్లు మరకలు వదిలించిన మనిషికి అది చూడగానే తెలిసింది.

ఆమె టర్పెంటైన్ సీసా, పాత గుడ్డలు తీసుకొని మెట్లు దిగింది. దగ్గరికి వెళ్లేసరికి హెన్నింగ్ తలెత్తి చూసి చిన్నగా తలూపాడు. ఫోల్క్‌మార్ తిరగలేదు. అతని మెడ మీద చెమట, భుజాల మీద సబ్బు నురగ.

“దీనితో పోతుందిరా,” అంది ఇర్మా. “ముందు ఉండలు తిని మొదలుపెట్టండి. చల్లారిపోతున్నాయి.”

ఫోల్క్‌మార్ చెయ్యి ఆగింది. బ్రష్షు బక్కెట్టులో ముంచాడు.

“సీసా అక్కడ పెట్టండి ఇర్మా గారూ,” అన్నాడు, తలుపుకేసే చూస్తూ. “మాకు ఇక్కడ పని చాలా ఉంది.”

ఆమె సీసా బక్కెట్టు పక్కన పెట్టింది. గుడ్డలు మడిచి దాని మీద పెట్టింది. నాలుగంతస్తులు ఎక్కడానికి చాలాసేపు పట్టింది. పైకొచ్చేసరికి వాళ్లు సీసా మూత తీశారు. ఆమె కుర్చీ కిటికీ దగ్గరికి లాక్కొని, చివరి అక్షరం పోయేదాకా చూస్తూ కూర్చుంది. మధ్యలో ఒకసారి హెన్నింగ్ తల తిప్పి ఏదో అన్నాడు, ఫోల్క్‌మార్ నవ్వు పైదాకా వినబడింది. తొమ్మిదేళ్లుగా ప్రతి ఆదివారం అతనికి వడ్డించింది గాని, ఆ నవ్వు మాత్రం ఈ ఇంట్లో ఆమె వినలేదు.